సూది భయం, చుట్ట, కడుపునొప్పి: హిప్నోథెరపీ దేనికి ఎంతవరకు పనిచేస్తుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మీది కందుకూరు దగ్గర ఊరు. మీ ఆవిడకి షుగరు, డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టమన్నారు, కానీ సూది చూస్తేనే ఆమె కళ్లు తిరిగి పడిపోతుంది. మీ నాన్నగారికి చిన్నప్పటి నుంచీ చుట్ట అలవాటు, మానాలని ఉంది, మానలేకపోతున్నారు. మీ చెల్లెలికి మూడేళ్లుగా కడుపునొప్పి, విరేచనాలు. పరీక్షలన్నీ బాగున్నాయని, ఐబీఎస్ (పేగు అతిగా స్పందించే జబ్బు) అని చెప్పారు. ఒంగోలులో ఒకాయన ముగ్గురికీ తలా 21 సిట్టింగుల హిప్నోథెరపీ చేస్తానని, డబ్బు ముందే కట్టమని అన్నాడు. కట్టవచ్చా?

కట్టవద్దు. హిప్నోథెరపీ పనికిరానిదని కాదు. మీ చెల్లెలికి అది చాలా మేలు చేయవచ్చు. మీ ఆవిడకి మామూలు పద్ధతిలో చేస్తే ఎదురు తిరుగుతుంది. మీ నాన్నగారికి అదొక్కటే చేస్తే చాలదు. ముగ్గురికీ ఒకే లెక్క చెప్పాడంటే ఆయన ఏ ఒక్కరినీ కూర్చోబెట్టి విచారించలేదన్నమాట. ఏ జబ్బుకైనా మొదట అడగాల్సింది "దీనికి అసలు వైద్యం ఏమిటి?" అని. ఆ వైద్యానికి హిప్నాసిస్ ఏం కలుపుతుందన్నది ఆ తర్వాత ప్రశ్న. ఆ జబ్బుకు వైద్యం తెలియని మనిషి చేతిలో హిప్నాసిస్ ఉన్నా లాభం లేదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన దగ్గర హిప్నాసిస్ అనే మాట వినగానే స్టేజీ ప్రదర్శనో, వశీకరణమో గుర్తొస్తుంది. వైద్యంలో వాడే హిప్నాసిస్‌లో మనిషి నిద్రపోడు, స్పృహ తప్పడు. ఫ్యాను చప్పుడు, బయట ఆటో హారన్ వినిపిస్తూనే ఉంటాయి. లేవాలనుకుంటే లేవవచ్చు. ధ్యాస ఒక్కచోట నిలిచి, చుట్టుపక్కల విషయాలు పట్టనట్టు అయ్యే స్థితి అది. ఆ స్థితిలో చెప్పిన సూచనని శరీరం కొంత సులువుగా అందుకుంటుంది. అందరూ ఒకేలా అందుకోరు. 1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే సైకాలజిస్టులు దీన్ని కొలవడానికి ఒక స్కేలు తయారుచేశారు. అలాంటి కొలతల్లో సుమారు 10 నుంచి 15 శాతం మంది చాలా బాగా స్పందిస్తారు, దాదాపు అంతే మంది అస్సలు స్పందించరు, మిగిలినవాళ్లు మధ్యలో ఉంటారు. కాబట్టి "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాడికి తన విద్య గురించే తెలియదు.

మీ ఆవిడ సంగతి ఎక్కువ తొందరగా చూడాల్సింది, దాంతో మొదలుపెడతాను.

భయాల్లో సూది, రక్తం భయం వేరే జాతి. బల్లి, ఎత్తు, బస్సు, లిఫ్టు లాంటి భయాల్లో గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, అందుకే మామూలుగా ఎవరూ పడిపోరు. సూది, రక్తం భయంలో చాలామందికి బీపీ ముందు కాస్త పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకి రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. ఇప్పుడు ఇలాంటి మనిషిని కుర్చీలో వాల్చి "ఒళ్లంతా వదులు చేయండి, హాయిగా తేలిపోతున్నారు" అని చెప్పి సూది చూపిస్తే ఏమవుతుంది? పడిపోతున్న బీపీ ఇంకా పడిపోతుంది. ప్యాకేజీ చికిత్సల్లో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే. అందుకని ఆమెని ముందు ఇది అడగండి: నిజంగా స్పృహ తప్పిందా, ఆవలింతలు, వికారం, చల్లటి చెమట, కళ్ల ముందు మసక వచ్చాయా, లేక దడ, పారిపోవాలనిపించడం మాత్రమేనా? మీరు రాసిన దాన్నిబట్టి మొదటిదే.

దీనికి స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరాన్ ఓస్ట్ రూపొందించిన కండరాలు బిగించే పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చుని చేతులు, తొడలు, పిక్కలు, పొట్ట ఒకేసారి గట్టిగా బిగించాలి. ఊపిరి బిగబట్టకూడదు. 10 నుంచి 15 సెకన్లకి ముఖంలోకి వేడి ఎక్కినట్టు తెలుస్తుంది. అప్పుడు వదలాలి, కానీ ఒళ్లు పూర్తిగా జారవిడవకుండా మామూలు స్థితికి వస్తే చాలు. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇలా అయిదుసార్లు చేస్తే ఒక విడత. రోజుకి అయిదు విడతలు, ఒక వారం. బీపీ ఎక్కువగా ఉన్నా, గుండె జబ్బున్నా, షుగరు వల్ల కంటి వెనక రక్తస్రావం ఉందని ఎప్పుడైనా చెప్పి ఉన్నా డాక్టరుని అడగకుండా ఇది మొదలుపెట్టవద్దు.

వారం తర్వాత మెట్లు ఎక్కించాలి. ఫోన్‌లో సిరంజి బొమ్మ, బల్ల మీద కవరు విప్పని సిరంజి, కవరు విప్పినది, ఇన్సులిన్ పెన్ను చేతిలో పట్టుకోవడం, మీరు బత్తాయికి సూది గుచ్చుతుంటే చూడటం, ఆమే గుచ్చడం, చివరికి తన పొట్ట మీద. ప్రతి మెట్టు దగ్గరా భయం సున్నా నుంచి పదిలో ఎంతో ఆమె చెప్పాలి. ఎనిమిది అంటే అక్కడే ఆగి, నాలుగుకి దిగేదాకా ఉండాలి. భయం పైన ఉండగా పక్కకి లేచిపోతే, పారిపోవడం వల్లే బతికానని మనసు నేర్చుకుంటుంది, రేపు అదే మెట్టు ఇంకా కష్టమవుతుంది. కళ్లు తిరిగే మొదటి గుర్తుకే కండరాలు బిగించాలి. సూది గుచ్చే చోటు మాత్రం వదులుగా ఉండాలి: పొట్టకి వేసుకుంటే చేతులు, కాళ్లు మాత్రమే బిగించాలి. ఇంట్లోవాళ్లు చెయ్యకూడనిది ఒకటుంది. ధైర్యం వస్తుందనుకుని చటుక్కున సూది చూపించడం, ఇద్దరు పట్టుకుని బలవంతంగా వేయడం. వారం రోజుల కష్టం ఆ ఒక్క పనితో పోతుంది.

హిప్నాసిస్ ఇక్కడ చేరుతుంది. కళ్లు మూసుకుని మొత్తం పనిని మనసులో నడిపించడానికి: ఫ్రిజ్ తలుపు తీయడం, పెన్నుకి కొత్త సూది బిగించడం, డోసు తిప్పుతుంటే టక్ టక్ మనే చప్పుడు, చేతులు బిగించడం, గుచ్చడం, బటన్ నొక్కి పది లెక్కపెట్టడం, తీసేయడం. మధ్యలో కండరాలు బిగించే ఘట్టం కచ్చితంగా ఉండాలి, నిజంగానే బిగించాలి. రెండోది మొద్దుబారే సూచన: చెయ్యి ఐసు నీళ్లలో పెట్టినట్టు ఊహించి, ఆ చల్లదనాన్ని పొట్ట మీద చోటుకి మార్చడం. నొప్పి తగ్గించడంలో హిప్నాసిస్‌కి నిజంగానే బలం ఉంది. క్లోరోఫామ్ రాకముందు, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే సర్జన్ ఈ తరహా పద్ధతితోనే ఆపరేషన్లు చేశాడు. సూచన సరిగా పడకపోయినా బాధ లేదు. పెన్ సూదులు 4 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. ల్యాబ్‌లో రక్తం తీయించుకునేటప్పుడు లిడోకెయిన్–ప్రిలోకెయిన్ క్రీము గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ పట్టీ వేస్తే చర్మం మొద్దుబారుతుంది. పడుకోబెట్టి తీయమని ముందే చెప్పండి.

ఇదంతా అయ్యేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. ఆమెని పడుకోబెట్టి, ముఖం పక్కకి తిప్పి మీరు వేయండి. ఇంకో జాగ్రత్త: ఇన్సులిన్ మొదలైన మనిషికి చెమట, వణుకు, దడ వస్తే అది భయమే అనుకోవద్దు. షుగరు పడిపోయినా అవే లక్షణాలు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. అన్నం తినకుండా గంటసేపు సిట్టింగులో కూర్చోబెడితే సరిగ్గా ఇదే జరగవచ్చు, ఎదురుగా ఉన్నాయన "భావోద్వేగం బయటికొస్తోంది" అనుకుంటాడు.

నాన్నగారి చుట్ట. పొగతాగడం మాన్పించడంలో హిప్నోథెరపీ మిగతా పద్ధతుల కంటే మెరుగని చెప్పడానికి ఆధారాలు చాలవని 2019లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చింది. అందుకే వెన్నెముకగా నికోటిన్ మందు, కౌన్సెలింగు ఉండాలి. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని దొరుకుతుంది. నిద్రలేచిన అరగంటలోపే మొదటి చుట్ట కాల్చేవాళ్లకి 4 సరిపోతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్లు, గుండెమంట వచ్చి రెండో రోజే పారేస్తారు. నాలుగైదు సార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఆపాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ, నిమ్మనీళ్లు తాగిన 15 నిమిషాల వరకు గమ్ వేసుకోకూడదు, నికోటిన్ ఎక్కదు. గుండె జబ్బుంటే డాక్టరుని అడిగే వాడాలి. తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి మూడు రోజులు ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356, పొగాకు మానాలనుకునేవాళ్లకి.

హిప్నాసిస్ వాడదలిస్తే 1970లో అమెరికన్ సైకియాట్రిస్టు హెర్బర్ట్ స్పీగెల్ ప్రచురించిన ఒక్క సిట్టింగు పద్ధతి సాదాగా ఉంటుంది. మూడు మాటలే: పొగ నా ఒంటికి విషం, బతకాలంటే నాకు ఈ ఒళ్లు కావాలి, ఈ ఒంటిని కాపాడుకోవాల్సిన బాధ్యత నాది. వీటిని కళ్లు మూసుకుని, రోజుకి చాలాసార్లు, ఒక్కొక్క నిమిషం, తనకు తానే చెప్పుకోవాలి. ముఖ్యంగా చుట్ట గుర్తొచ్చే వేళల్లో: పొద్దున టీ తర్వాత, అన్నం తిన్నాక, అరుగు మీద నలుగురు చేరినప్పుడు. "వద్దు" అనే సూచన కంటే "ఒంటిని కాపాడుకుంటున్నా" అనే సూచన ఎందుకు మెరుగంటే, చుట్ట వద్దు అనుకోవాలన్నా ముందు చుట్టనే తలుచుకోవాలి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. కొందరు "పొగాకు వాసన తగిలితే వాంతి వస్తుంది" అని సూచన ఇస్తారు. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వైపు పొగాకు ఊళ్లలో ఆకు ఆరబెట్టే బ్యారన్ కాలుతున్నప్పుడు, గ్రేడింగ్ జరుగుతున్నప్పుడు ఊరంతా ఆ వాసనే. ఆ సూచన పనిచేస్తే మనిషి పనిచేసుకోలేడు. పనిచేయకపోతే నమ్మకం పోతుంది. రెండు విధాలా నష్టమే. మీ నాన్నగారు చేలో పచ్చాకు కోతకి వెళ్తుంటే మంచుకి తడిసిన ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది, వికారం, తలతిరుగుడు వస్తాయి. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వాడాలి. మానడం మొదలుపెట్టే రోజుని కోతలు, గ్రేడింగ్ అయిపోయాకే పెట్టుకోండి.

మద్యం కూడా రోజూ తాగేవారైతే దాన్ని హిప్నోథెరపీతో ఒక్కసారిగా ఆపించే ప్రయత్నం అస్సలు వద్దు. రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకి మతిభ్రమించి ప్రాణం మీదికి రావచ్చు. అది ఆసుపత్రిలో మందులతో జరగాల్సిన పని. డీఅడిక్షన్‌కి జాతీయ నంబరు 14446.

ఇక మీ చెల్లెలు. హిప్నోథెరపీకి అన్నిటికంటే గట్టి ఆధారాలున్న జబ్బుల్లో ఐబీఎస్ ఒకటి. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం మందులకి లొంగని 30 మంది మీద చేసిన పరీక్షలో, మూడు నెలల్లో అరగంట చొప్పున ఏడు సిట్టింగులకే నొప్పి, ఉబ్బరం, విరేచనాల తీరు బాగా మెరుగయ్యాయి. ఏడాదిపాటు మందులకి తగ్గని ఐబీఎస్‌కి బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు దీన్ని సూచిస్తాయి. ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన పరిశోధనలో ఇది ఫాడ్‌మ్యాప్ పథ్యానికి సమానంగా నిలిచింది. ఆ పథ్యంలో ఉల్లి, వెల్లుల్లి, చాలా రకాల పప్పులు మానాలి. మన వంటింట్లో అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, అందుకే ఈ దారి మనవాళ్లకి ఇంకా ఉపయోగం.

ఎందుకు పనిచేస్తుంది? ఐబీఎస్‌లో పేగుకి పుండు ఉండదు. పేగు నుంచి మెదడుకి వెళ్లే సంకేతాలు అతిగా వినిపిస్తాయి, మామూలు గాలి కూడా నొప్పిగా తెలుస్తుంది. ఆందోళన ఆ సంకేతాన్ని ఇంకా పెంచుతుంది. సూచనలు ఆ తీవ్రతని తగ్గిస్తాయి. అందుకే ఒళ్లు వదులు చేస్తే చాలదు, సూచన పేగుని ఉద్దేశించే ఉండాలి.

మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి: మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సరు. వీటిలో ఒక్కటున్నా హిప్నోథెరపీ పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సిట్టింగు ఇలా ఉంటుంది. మొదటిసారి మాటలే: నొప్పి ఎప్పుడు, మలం తీరు, ఏ ఊహ ఆమెకి హాయి, ఏది భయం. తర్వాత ప్రతి సిట్టింగులో చూపు ఒకచోట నిలపడం, ఊపిరి విడిచేటప్పుడు లెక్క, కళ్లు మూయడం, పది నుంచి ఒకటికి దిగడం. అప్పుడు అరచెయ్యి పొట్ట మీద పెట్టించి సూచన: "చేతి కింద గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం లోపలికి దిగుతోంది. దిగినచోటల్లా పేగు మెత్తబడుతోంది." వెచ్చదనం తెలియడానికి మూడు నిమిషాలు పట్టవచ్చు, తొందరపెట్టకూడదు. ఆ తర్వాత పారే నీటి ఊహ. మాంచెస్టర్ పద్ధతిలో నది ఉంటుంది. నెల్లూరు మనిషికి పెన్నానో, కనుపూరు కాలువో చెప్పండి. పడమటి ప్రకాశంలో చెరువు తూము నుంచి వచ్చే పారుదల బాగా పడుతుంది. విరేచనాలవాళ్లకి వడిగా వచ్చే నీరు తూము దించగానే నెమ్మదించి, గట్టు దాటకుండా సాగాలి. మలబద్ధకానికి తూము ఎత్తి పారుదల పెంచాలి. మీ చెల్లెలికి మొదటిది. రెండోది వాడితే బాధ పెరుగుతుంది. రికార్డు చేసి అమ్మే ఆడియోల్లో ఈ తేడా చూడకుండా వాడటం తరచూ జరుగుతోంది.

ఊహలు అడిగి ఎంచుకోవాలి. కళ్లు మూయించగానే "సముద్రం ఒడ్డున ఉన్నారు" అనడం చాలామందికి అలవాటు. తీరం వెంబడి ఊళ్లలో తుఫాన్లు, 2004 సునామీ చూసినవాళ్లకి అది హాయి ఊహ కాదు. మెట్లు దిగడం కూడా బావి అంటే భయమున్నవాళ్లకి పనికిరాదు. భాష కూడా ఇంట్లో మాట్లాడే భాషే కావాలి. "గాఢ సుషుప్తిలోకి జారుకుంటున్నారు" అంటే వినే మనిషి నిద్ర రాలేదే అని దిగులుపడి మధ్యలో కళ్లు తెరుస్తుంది.

వారానికి ఒకటి చొప్పున 7 నుంచి 12 సిట్టింగులు, ఇంట్లో రోజూ 15, 20 నిమిషాలు రికార్డింగు విని సాధన. ఇంటి సాధన మానేస్తే సిట్టింగుల ఫలితం నిలవదు, ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. నాలుగో సిట్టింగు ముందు ఏ మార్పూ కనిపించకపోవడం మామూలే. 12 అయ్యాక కూడా ఏమీ మారకపోతే ఆపేయాలి, ఇంకో 12 కొనకూడదు. వేసుకుంటున్న మందులు డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

మిగతా జబ్బుల గురించి రెండు మాటలు. నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకి హిప్నాసిస్ ఉపయోగపడుతుంది, ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం 2023లో దాన్ని సిఫారసు చేసింది. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ కీళ్లనొప్పులకి బాధ కొంత తగ్గవచ్చు. ఎముకలో మార్పు తగ్గదు, తాగే నీరు మార్చడమే ముందు. షుగరు, థైరాయిడ్, మూర్ఛ నయమవుతాయని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి రండి. లేని గొంతులు వినపడేవాళ్లకి, ఉన్మాదం, చనిపోవాలనే ఆలోచన ఉన్నవాళ్లకి సైకియాట్రిస్టు లేకుండా హిప్నాసిస్ చేయకూడదు.

పూర్వజన్మలోకి తీసుకెళ్తామనే సిట్టింగులకి దయచేసి ఎవరినీ పంపవద్దు. హిప్నాసిస్‌లో మనిషి ఊహించిందే జ్ఞాపకంగా గట్టిపడుతుంది, అది నిజమనే నమ్మకం కూడా పెరుగుతుంది. చిన్నప్పుడు ఎవరో ఏదో చేశారని లేని సంగతి నమ్మి, సొంతవాళ్లతో తెంచుకునే ప్రమాదం ఉంది. భయం పోవడానికి అది ఎక్కడ పుట్టిందో తవ్వక్కర్లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో హిప్నోథెరపీని తగిన శిక్షణ ఉన్నవాళ్లే చేయాల్సిన చికిత్సగా పేర్కొంది. దీనికంటూ వేరే కౌన్సిల్ లేదు కాబట్టి మనిషి మూల అర్హత చూడాలి: సైకియాట్రీలో ఎండీ లేదా డీపీఎం (మానసిక వైద్యంలో డిప్లొమా), లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు. నమోదు నంబరు అడగండి, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకి తగిలించినంత మాత్రాన వైద్యుడు కాడు. ముందు రోగనిర్ధారణకి నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలకి వెళ్లవచ్చు. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఆడవాళ్ల సిట్టింగులో తోడు ఉన్నవాళ్లకి కనిపించే చోట కుర్చీ వేయమని అడగండి. ఒంటి మీద చెయ్యి వేయాల్సిన అవసరం ఈ చికిత్సలో లేదు. నుదురు తాకాలన్నా ముందు అనుమతి అడగాలి. తలుపు గడియ పెడతానంటే ఒప్పుకోవద్దు.

సిట్టింగు అయ్యాక ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి, చేతులు కాళ్లు కదిలించి, పేరు, రోజు అడిగి పూర్తిగా తేరుకున్నట్టు చూశాకే లేపాలి. తల బరువు, మగత కాసేపు ఉండవచ్చు. మధ్యలో ఏడుపు వస్తే ఆపించకుండా, ఊపిరి మీద ధ్యాస పెట్టించి, కళ్లు తెరిపించి కూర్చోబెట్టాలి. కందుకూరు నుంచి ఒంగోలు బైకు మీద వెళ్తే తిరుగు ప్రయాణానికి ముందు కనీసం ఇరవై నిమిషాలు కూర్చుని టీ తాగి బయల్దేరండి. ఇంటి సాధన ఆడియోని బండి మీద, ట్రాక్టరు మీద, మోటారు దగ్గర వినకూడదు.

ఈ వారమే మీ ఆవిడ డాక్టరుకి ఆమె స్పృహ తప్పే సంగతి చెప్పి, కండరాల సాధన మొదలుపెట్టించండి. చెల్లెలి చేత ఒక నోట్‌బుక్కులో రోజూ నొప్పి ఎంత, ఎన్నిసార్లు వెళ్లింది రాయించండి. రెండు వారాల ఆ రాత చేతిలో ఉంటే, ఎవరి దగ్గర మొదలుపెట్టినా నాలుగో సిట్టింగుకి మార్పు ఉందో లేదో మీరే చూసుకోవచ్చు.